కరోనాకి జలుబు మందులు: ఉపశమనం ఎంత, భ్రమ ఎంత

2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మందుల షాపులకి ఒక ఆదేశం పంపింది. జ్వరం, జలుబు, దగ్గు అంటూ మందు కొనేవాళ్ళ పేరు, చిరునామా, ఫోను నంబరు రాసి పెట్టుకోవాలని దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఏర్పాటే జరిగింది. జ్వరం బిళ్ళ అడగడమే అనుమానించాల్సిన పని అయిపోయింది. ఏడాది తిరిగి 2021 మే వచ్చేసరికి అదే తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే మొదలుపెట్టి, లక్షణాలు కనిపించిన వాళ్ళకి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల చేత అవే బిళ్ళల్ని కిట్లుగా కట్టి గుమ్మం దగ్గరే ఇప్పించింది. ఈ ఏడాదిలో ఆ బిళ్ళల గురించి వైద్యశాస్త్రం కొత్తగా కనుక్కున్నది పెద్దగా లేదు. వాటి నుంచి మనం ఏం ఆశించామన్నదే మారింది.

జలుబు మందు ఏదీ కరోనా వైరస్‌ని ముట్టుకోదు. ఒళ్ళు నొప్పులు, గొంతు మంట, ముక్కు దిబ్బడ, నిద్ర పట్టనివ్వని దగ్గు ఉన్న ఆ నాలుగైదు రోజుల్ని కాస్త భరించేలా చేయడమే దాని పని. ఇది చిన్న పనే గాని చిన్నచూపు చూడాల్సింది కాదు. 2020 ఫిబ్రవరిలో చైనా ప్రచురించిన 44 వేల పైచిలుకు కేసుల లెక్కలోనే 81 శాతం తేలికపాటివి. టీకాలు వేసుకున్నాక, ఒమిక్రాన్ వచ్చాక, జబ్బు చాలామందిలో ఊపిరితిత్తుల దాకా పోకుండా ముక్కు, గొంతు దగ్గరే ఆగి మామూలు పడిశంలా కనిపించడం మొదలైంది. కాబట్టి పడిశానికి వాడే సరంజామా దీనికి పనికొస్తుందా అన్న ప్రశ్న సహజం. కొన్ని పనికొస్తాయి, కొన్ని ఏ జలుబుకీ పనికిరావు. మరికొన్ని ఈ బిళ్ళల చాటున ఇంట్లోకి వచ్చి చేటు చేశాయి.

పారాసెటమాల్‌తో మొదలుపెడదాం. 2020 మార్చిలో రోజుల తేడాతో రెండు తెలుగు రాష్ట్రాల అప్పటి ముఖ్యమంత్రులూ కరోనాకి ఇది చాలన్నట్టు దీని పేరెత్తారు. కేసీఆర్ శాసనసభలో, జగన్మోహన్ రెడ్డి పత్రికల వాళ్ళ ముందు. ఆ మాటల మీద వచ్చిన మీమ్‌లకి లెక్కలేదు. వాళ్ళు వైరస్‌ని తక్కువ అంచనా వేశారన్నది నిజమే. అయితే ఇంట్లో ఉండి కోలుకునే రోగి విషయంలో, తరవాత మూడేళ్ళ పరిశోధనంతా అయ్యాక కూడా, జ్వరానికీ నొప్పులకీ మొదట ఇచ్చే మందు అదే. నవ్విన వాళ్ళూ జ్వరమొచ్చినప్పుడు డోలో వేసుకునే పడుకున్నారు.

జ్వరాన్ని తప్పనిసరిగా దించి తీరాలా అన్నది మాత్రం వేరే ప్రశ్న. జ్వరం శరీరం తనకు తాను తెచ్చుకున్న రక్షణ. నూటొక్క డిగ్రీలున్నా మనిషి తేలిగ్గా తిరుగుతుంటే బిళ్ళ వేసి తీరాలన్న నియమం లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉండి, నీళ్ళు కూడా తాగబుద్ధి కానప్పుడు వేసుకుంటే లేచి నాలుగు ముద్దలు తింటాడు, నీళ్ళు తాగుతాడు. కోలుకోవడానికి అది అవసరం. 2021 ఏప్రిల్ చివర కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన హోం ఐసొలేషన్ మార్గదర్శకాల్లో 650 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకి నాలుగుసార్లు గరిష్ఠం. దానికీ దిగకపోతే డాక్టర్ని అడగమన్నారు.

ప్రమాదం ఈ లెక్క దగ్గరే ఉంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచటి వాళ్ళకీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ, రోజూ మద్యం తాగే వాళ్ళకీ ఇంకా తక్కువే. 650 బిళ్ళలు నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు. అంతవరకూ బాగానే ఉంది. ముక్కు కారుతోందని దానికి తోడు జలుబు బిళ్ళ అని ఇంకొకటి కొంటాం. ఆ కాంబినేషన్ బిళ్ళల్లో చాలావాటిలో 325గానీ 500గానీ మిల్లీగ్రాముల పారాసెటమాల్ ముందే ఉంటుంది. 500 ఉన్నది మూడు పూటలా వేసుకుంటే మరో 1,500. మొత్తం 4,100. మనిషి తాను వేసుకున్నది ఒక జ్వరం మందు, ఒక జలుబు మందు అనే అనుకుంటాడు. పైగా పారాసెటమాల్ మోతాదు మించితే వెంటనే తెలియదు. మొదటిరోజు కాస్త వికారం, అంతే. లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకి బయటపడుతుంది. అమెరికా, బ్రిటన్లలో హఠాత్తుగా లివర్ పాడైపోవడానికి మొదటి కారణం ఈ మందే. సురక్షితమన్న పేరు పడ్డ మందుని లెక్క చూసుకోకుండా వాడటం కూడా దీనికి ఒక కారణం.

ఐబుప్రోఫెన్ గురించి 2020 మార్చి 14న పెద్ద దుమారం రేగింది. అది కరోనాని ముదరబెడుతుందని ఫ్రాన్స్ ఆరోగ్యమంత్రి ఒలివియే వెరాన్ ట్వీట్ చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు వాడకపోవడమే మంచిదన్నట్టు మాట్లాడి, రెండు రోజులకే వాడవద్దని తాము చెప్పడం లేదని సవరించుకుంది. ఆ తరవాత బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో చేరిన 72 వేల మంది రికార్డులు చూస్తే, అంతకుముందు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు వాడినవాళ్ళలో పరిస్థితి విషమించడం గానీ మరణాలు గానీ ఎక్కువేమీ లేవు. ఆ భయం అలా తీరిపోయింది.

అయినా మన దగ్గర జ్వరమొచ్చిన మొదటి రోజున దాని జోలికి పోవద్దనే నేనంటాను. అందుకు కారణం డెంగీ. జులై నుంచి నవంబరు దాకా మన ఊళ్ళలో వచ్చే జ్వరం కరోనాయో డెంగీయో మొదటి రెండు రోజుల్లో చూసి చెప్పడం కష్టం. డెంగీలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏ జ్వరమో తేలేదాకా పారాసెటమాలే మేలు. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్ళకి ఈ చిక్కు లేదు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లేకపోతే అక్కడ ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చు. అక్కడి నుంచి ఫోన్లో ఇక్కడి అమ్మానాన్నలకి అదే వేసుకోమని చెప్పేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుండాలి. ఇక నిమెసులైడ్ కలిసిన బిళ్ళలు. జ్వరం చప్పున దిగుతుందని వీటిని అడిగి మరీ కొనే అలవాటు మనకి ఉంది. 12 ఏళ్ళలోపు పిల్లలకి వాటిని 2011లోనే నిషేధించారు. లివర్‌కి అవి చేసే చేటు చూస్తే పెద్దవాళ్ళకైనా ఎందుకు వాడాలో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ముక్కు సంగతి. ఈ మొత్తం సమీక్షలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన కథ ఇక్కడే ఉంది. మన షాపుల్లో దొరికే జలుబు బిళ్ళల్లో చాలావాటిలో ఫినైల్‌ఎఫ్రిన్ అనే మందు ఉంటుంది. ముక్కు లోపలి రక్తనాళాల్ని బిగించి దిబ్బడ తగ్గించడం దాని పని అని చెబుతారు. అమెరికాలో ఇంతకుముందు ఈ పనికి సూడోఎఫెడ్రిన్ వాడేవారు. అది పనిచేసేది. అయితే దాంతో మెథాంఫెటమిన్ అనే మత్తుమందు తయారుచేస్తున్నారని 2006 నుంచి దాన్ని షాపువాడి వెనక అరలోకి తోసి, గుర్తింపు కార్డు చూపిస్తేనే ఇవ్వాలన్నారు. ఆ ఖాళీలోకి కంపెనీలు ఫినైల్‌ఎఫ్రిన్‌ని తెచ్చి పెట్టాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ హెండెలిస్, రాండీ హాటన్ అనే ఇద్దరు ఫార్మసీ ఆచార్యులు 2007 నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నారు, ఇది నోట్లో వేసుకుంటే పనిచేయదని. పేగుల్లోనూ లివర్‌లోనూ దాదాపు అంతా విరిగిపోయి, రక్తంలోకి చేరేది అతి స్వల్పం. చివరికి 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘంలోని 16 మందీ ఏకగ్రీవంగా అదే మాట అన్నారు. 2024 నవంబరులో దాన్ని అనుమతి జాబితా నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. పదహారేళ్ళపాటు కోట్లమంది కొన్న మందు ముక్కుకి చేసింది ఏమీ లేదు.

దీని ప్రభావం మన షాపుల మీద ఎంత? 2024 ఆగస్టులో కేంద్రం 156 కాంబినేషన్ మందుల్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సెట్రిజిన్, పారాసెటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసినవీ, లెవోసెట్రిజిన్‌తో కలిపినవీ ఆ జాబితాలో ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన బిళ్ళలు మాత్రం షాపుల్లో ఉన్నాయి. వాటిలోని ఫినైల్‌ఎఫ్రిన్ కూడా అదే ఫినైల్‌ఎఫ్రిన్.

ముక్కులో వేసుకునే చుక్కలు, స్ప్రేల సంగతి వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. ఒక చెడ్డ గుణం ఉంది. ఐదు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది. మళ్ళీ చుక్కలు వేయాల్సి వస్తుంది. జలుబు పోయి చుక్కల అలవాటు మిగిలినవాళ్ళు ప్రతి ఈఎన్‌టీ డాక్టరుకీ తెలుసు. కరోనా జలుబు ఐదు రోజులు మించి ఉండొచ్చు గనక, రాత్రి పడుకునేముందు మాత్రమే, మూడు నాలుగు రోజులకి మించకుండా వాడుకోవాలి. బీపీ ఎక్కువున్నవాళ్ళు వీటినైనా డాక్టర్ని అడిగే వేసుకోవాలి. ఉప్పునీటి చుక్కలకి ఈ బాధ లేదు, చవక కూడా.

అమృతాంజనం, జిందా తిలిస్మాత్ గురించి మాట్లాడకుండా తెలుగులో జలుబు మీద వ్యాసం ఎలా రాస్తాం? మొదటిది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది. రెండోది 1920లో హైదరాబాదులో పుట్టింది. వీటిలో ఉండే మెంథాల్, కర్పూరం, యూకలిప్టస్ లాంటి పదార్థాల మీద మంచి పరిశోధనే జరిగింది. మెంథాల్ పీల్చినప్పుడు ముక్కులో గాలి దారి ఏమీ వెడల్పు కాదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలు మేలుకుని, గాలి బాగా ఆడుతున్నట్టు మనకి అనిపిస్తుంది. అనిపించడమే చాలు, నిద్ర పడుతుంది. ఫినైల్‌ఎఫ్రిన్ బిళ్ళ కన్నా అమృతాంజనం నయమని ఎవరైనా అంటే నేను కాదనను. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం కర్పూరం, మెంథాల్ ఏవీ రాయకూడదు.

ఆవిరి విషయంలో ఇంత ఉదారంగా ఉండలేను. రెండో వేవ్‌లో రోజుకి నాలుగైదు సార్లు ఆవిరి పట్టినవాళ్ళని చూశాం. కేంద్ర మార్గదర్శకాలు కూడా రోజుకి రెండుసార్లు పట్టమన్నాయి. జలుబు లక్షణాలకి దానివల్ల స్థిరమైన మేలు ఉందని పరీక్షల్లో తేలలేదు. కాలిన గాయాలు మాత్రం తేలాయి. తొలి లాక్‌డౌన్ రోజుల్లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి ఆవిరి పట్టబోయి కాలి వచ్చిన పిల్లలు మామూలు కన్నా ముప్ఫై రెట్లు పెరిగారని అక్కడి డాక్టర్లు రాశారు. మరుగుతున్న గిన్నె, పైన దుప్పటి, పక్కన పసివాడు. ఇంకేం చెప్పాలి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించడం వల్ల గొంతుకి హాయిగా ఉంటుంది, చేటు లేదు.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్‌లు అసలు ఎలర్జీ మందులు. ఎలర్జీలో ముక్కు కారడానికి కారణమయ్యే హిస్టమిన్, వైరస్ జలుబులో అంత పెద్ద పాత్ర పోషించదు. అందుకే ఇవి విడిగా వేసుకుంటే మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిపాటి ఉపశమనం, ఆ తరవాత లేదు. పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది. రాత్రిపూట అదీ ఒక లాభమే. ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయనకి ఇస్తే మూత్రం బిగిసిపోవచ్చు, గ్లాకోమా ఉన్నవాళ్ళకీ మంచిది కాదు. బండి నడిపేవాళ్ళు పగటిపూట దూరంగా ఉండాలి. ఇదే కుటుంబానికి చెందిన అజెలాస్టిన్ అనే ముక్కు స్ప్రే మాత్రం 2025లో కొత్త ఆసక్తి రేపింది. జర్మనీలో 450 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన పరీక్షలో దాన్ని వాడినవాళ్ళలో 2.2 శాతం మందికీ, ఉత్తుత్తి స్ప్రే వాడినవాళ్ళలో 6.7 శాతం మందికీ కరోనా సోకింది. ఇది రాకుండా ఆపడం గురించి, వచ్చాక తగ్గించడం గురించి కాదు. పెద్ద పరీక్షలు జరిగేదాకా దాన్ని ఇంట్లో పోగేయాల్సిన పనిలేదు.

దగ్గు సిరప్పుల సీసా వెనక రాసింది ఎప్పుడైనా చదివారా? దగ్గుని అణిచే మందు, కఫాన్ని పలచన చేసి బయటికి దగ్గించే మందు ఒకే సీసాలో ఉన్నవి కనిపిస్తాయి. ఒకటి దగ్గొద్దంటుంది, ఒకటి దగ్గమంటుంది. కొన్నిటిలో ఉబ్బసానికి వాడే మందు కూడా కలుపుతారు. అది గుండె దడ పుట్టిస్తుంది, చేతులు వణికిస్తుంది. కరోనా వచ్చినవాడు ఆ దడని ఊపిరాడకపోవడం అనుకుని హడలిపోతాడు. పొడిదగ్గుకి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఒక్కటే ఉన్నది కొంత పనిచేస్తుందని చెప్పొచ్చు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్ళు దాన్ని డాక్టర్ని అడగకుండా తాగకూడదు. వీటన్నిటికన్నా ముందు తేనె. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, కరోనా దగ్గుకి ఒక చెంచా తేనెని సూచించింది. ఏడాది నిండని పిల్లలకి తేనె ఇవ్వకూడదు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. దగ్గేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవాలి. జ్వరం పోయినా దగ్గు రెండు మూడు వారాలు ఉండటం మామూలే. దానికోసం సిరప్పు మీద సిరప్పు మార్చక్కర్లేదు.

పిల్లలకైతే సిరప్పు మాటే ఎత్తకూడదు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్పులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని పరీక్షలో తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ వెంటనే ఆ బ్యాచ్ వాడవద్దని హెచ్చరించింది. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ళలోపు వాళ్ళకి సాధారణంగా అక్కర్లేదనీ కేంద్రం అప్పుడే మళ్ళీ చెప్పింది. విషం కలవని మంచి సిరప్పయినా ఆ వయసులో చేసే మేలు లేదన్నది ఈ దుర్ఘటన హోరులో మరుగునపడింది.

విటమిన్ సి, జింకు గురించి ఒక్క మాట చాలు. అమెరికాలో 214 మంది మీద భారీ మోతాదుల్లో పరీక్షించి, లక్షణాలు తగ్గే రోజుల్లో తేడా కనిపించక మధ్యలోనే ఆపేశారు.

జలుబు బిళ్ళల వల్ల మన ఊళ్ళలో జరిగిన నష్టం పెద్దది కాదు. వాటి పక్కన చేరినవాటితోనే అసలు నష్టం జరిగింది. మందుల షాపు దగ్గర ‘జలుబుకి ఓ సెట్టు ఇవ్వండి’ అని అడిగితే చిన్న కాగితం కవరులో నాలుగు రంగుల బిళ్ళలు వేసి ఇవ్వడం మనకి కొత్త కాదు. ఆర్.ఎం.పి.ల దగ్గరా అదే పద్ధతి. ఆ సెట్టులోకి కరోనా రోజుల్లో అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఐవర్‌మెక్టిన్ వచ్చి చేరాయి. సర్కారు కిట్లలోనే యాంటీబయాటిక్ ఉండగా షాపువాణ్ణి ఏమంటాం? బ్రిటన్‌లో జరిగిన ప్రిన్సిపుల్ పరీక్షలో అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ రెండూ ఇంట్లో ఉన్న రోగులకి ఉపయోగపడలేదు. ఐవర్‌మెక్టిన్ బ్రెజిల్‌లోనూ అమెరికాలోనూ విఫలమైంది. 2021 సెప్టెంబరులో ఐసీఎంఆర్ కూడా దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది.

అన్నిటికన్నా ఘోరం స్టెరాయిడ్. 2020 జూన్‌లో రికవరీ అనే బ్రిటన్ పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందన్న వార్త ప్రపంచమంతా మోగింది. అదే పరీక్షలో ఆక్సిజన్ అవసరం లేని రోగుల లెక్క కూడా ఉంది. మందు ఇచ్చినవాళ్ళలో 17.8 శాతం, ఇవ్వనివాళ్ళలో 14 శాతం చనిపోయారు. ఈ తేడా కాకతాళీయమే కావచ్చు, మేలు మాత్రం లేదన్నది స్పష్టం. వార్తలోని మొదటి సగమే ఊళ్ళకి చేరింది. జ్వరం మూడోరోజునే స్టెరాయిడ్ పడితే ఒళ్ళు తేలికవుతుంది, ఆకలేస్తుంది, ఇచ్చినవాడికి హస్తవాసి ఉందన్న పేరొస్తుంది. అదుపులో లేని షుగరున్న మనిషికి ఆ తరవాత బ్లాక్ ఫంగస్ రావచ్చు. 2021 మే 20న తెలంగాణ దాన్ని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులకి ప్రధాన కేంద్రమైంది. కన్ను తీసేయించుకున్నవాళ్ళలో ఎంతమంది మొదట తేలికపాటి కరోనాతో ఇంట్లోనే ఉన్నారో ఆలోచించాలి.

డాక్టరు చూసి ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి. పీల్చే బుడెసొనైడ్ వల్ల పెద్ద వయసువాళ్ళు సుమారు మూడు రోజులు ముందు కోలుకున్నారని ప్రిన్సిపుల్ పరీక్షలోనే తేలింది. అరవై దాటినవాళ్ళు, షుగరు, కిడ్నీ, కాన్సర్ ఉన్నవాళ్ళు లక్షణాలు తేలికగానే ఉన్నా మొదటి ఐదు రోజుల్లోనే వైరస్‌ని అణిచే మందుల గురించి డాక్టర్ని అడగాలి. వాళ్ళు జలుబు బిళ్ళతో ఆ ఐదు రోజులూ గడిపేస్తే అవకాశం దాటిపోతుంది.

ఉపశమనం ఇచ్చే మందుకి ఉన్న సహజమైన చిక్కు అదే. పారాసెటమాల్ వేసుకుని చల్లబడ్డ ఒంటితో పెళ్ళికి వెళ్ళేవాళ్ళు మనలో తక్కువేం కాదు. జ్వరం దిగింది గాని వైరస్ పక్క కుర్చీలోకి దూకడం ఆగదు. ఊపిరితిత్తులు దెబ్బతింటున్న సంగతిని కూడా బిళ్ళ కప్పిపెట్టగలదు. అందుకే రోగి మాటని, ధర్మామీటరుని కాక ఆక్సిమీటర్‌ని నమ్మాలి. అది 94 కన్నా తగ్గినా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా, మాట తడబడినా, బిళ్ళల పని అయిపోయినట్టే. ఇక ఆసుపత్రే.

చట్టం సంగతికొస్తే, డాక్టరు చీటీ లేకుండా అమ్మదగ్గ మందులు ఇవీ అని మన దేశంలో విడిగా ఒక జాబితా లేదు. షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవాటికి చీటీ కావాలని చట్టం. అజిత్రోమైసిన్, డెక్సామెథసోన్ అందులోనివే. ఎంత తేలిగ్గా దొరుకుతాయో అందరికీ తెలుసు. జనాభా వెయ్యి దాటని గ్రామాల్లో పారాసెటమాల్ లాంటి ఇంటి మందుల్ని కిరాణాకొట్టులో కూడా అమ్ముకోనిచ్చేది షెడ్యూల్ కె. మధ్యలో ఉన్న జలుబు కాంబినేషన్లన్నీ ఆ పూట షాపులో ఉన్న కుర్రాడి ఇష్టం. పైగా నాలుగు బిళ్ళలు చాలంటే అతను షీటుని కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. లోపల ఏ మందు ఎంతుందో రాసిన భాగం చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చిన ముక్క మీద బ్రాండు పేరులో సగం ఉంటుంది. బిళ్ళ డబ్బులిచ్చే ముందు ‘ఇందులో పారాసెటమాల్ ఉందా, ఎంతుంది?’ అని అడిగి, మిగతా సగం షీటుని ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి షాపువాడి అనుమతి అక్కర్లేదు.